ఏలిక మారిన మాట మారునా?

మాట ఇచ్చినవాడు ఒకడు, దానిని చెల్లింపవలసినవాడు మరియొకడు ఐనప్పుడు ఆ మాట ఎవరిని బంధించును? ఇది పురాణశ్రవణ వేళ లేవనెత్తదగిన ప్రశ్నవలె కనిపించును. కాని ఆంధ్రప్రదేశ రాష్ట్రమున 2019వ సంవత్సరము మొదలు 2022 వరకు ఉన్నత న్యాయస్థానము ముందు నలిగినది ఈ ప్రశ్నయే. అచ్చట పైకి వినవచ్చినది కరెంటు యూనిట్టునకు ఎన్ని రూపాయలు, ఎన్ని పైసలు అను లెక్క. ఆ లెక్క అడుగున ఉన్నది మాత్రము ధర్మసందేహము.

రాయలసీమ కొండల మీద వానకు కరువు గాని గాలికి కరువు లేదు. 1990 తరువాతి సంవత్సరములలోనే అనంతపురము సీమలోని రామగిరి గుట్టలపై గాలిమరలు నిలిచినవి. రాష్ట్ర విభజన జరిగిన మరుసటి యేడు, అనగా 2015లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సౌరవిద్యుత్తునకు ఒక విధానమును, పవనవిద్యుత్తునకు ఒక విధానమును ప్రకటించెను. బొగ్గు కాల్చి ఒక యూనిట్టు కరెంటు పుట్టించినచో సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరును. ఎండకు, గాలికి ఆ దోషము లేదు. ఇట్టి శక్తిని ప్రోత్సహింపవలసినదని 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టమే రాష్ట్ర నియంత్రణ మండలులను ఆదేశించినది. ఆంధ్ర నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి 2016-17 సంవత్సరమునకు గాలి కరెంటు ధరను యూనిట్టు 4 రూపాయల 84 పైసలుగా నిర్ణయించెను. జనులు డిస్కములని పిలుచు పంపిణీ సంస్థలు 25 ఏండ్ల పాటు కొందుమని సంతకములు చేసినవి. ఆ ఒక్క సంవత్సరముననే రాష్ట్రమున 2,000 మెగావాట్లకు మించి గాలిమరలు లేచినవి. 2019 నాటికి మొత్తము సుమారు 4,000 మెగావాట్లు.

ఇంతలో కాలము తిరిగినది. 2017 ఫిబ్రవరిలో దేశమున మొదటిసారి గాలి కరెంటునకు వేలము పాట పెట్టగా 3 రూపాయల 46 పైసలకు పలికినది. ఆ యేటి డిసెంబరులో గుజరాతు పాటలో 2 రూపాయల 43 పైసలకు దిగినది. ఎండ కరెంటు అంతకు ముందే, మే నెలలో, రాజస్థానమునందలి భడ్లా వద్ద 2 రూపాయల 44 పైసలకు వచ్చినది. 2019లో ఎన్నికలు జరిగి రాష్ట్రమున ప్రభుత్వము మారెను. జూలై మాసమున క్రొత్త ప్రభుత్వము ఒక ఉన్నతస్థాయి సంఘమును నియమించి, పాత ఒప్పందముల ధరలను తగ్గింపవలసినదని ఉత్పత్తిదారులను కోరెను. వారు న్యాయస్థానమునకు పోయిరి. సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనము, విషయము నియంత్రణ మండలి తేల్చువరకు గాలికి 2 రూపాయల 43, ఎండకు 2 రూపాయల 44 పైసల చొప్పున చెల్లింపుమని తాత్కాలిక ఏర్పాటు చేసెను. అనగా గాలి ధర సగమైనది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనము దానిని త్రోసివైచి, ఒప్పందము ప్రకారమే బాకీలను ఆరు వారములలో చెల్లింపవలసినదని తీర్పు చెప్పెను.

న్యాయస్థానము తీర్పు చెప్పినంత మాత్రమున ధర్మసందేహము తీరదు. చట్టము చూచునది సంతకమును. సంతకము వెనుక ఎవరి సొమ్ము ఉన్నది, ఎవరి ఊపిరి ఉన్నది అని చూడవలసినది వేరొక దృష్టి.

ముందు డిస్కముల పక్షమున చెప్పదగినది చెప్పవలెను. ఏలయన అది తేలికగా కొట్టివేయదగిన వాదము కాదు. బొగ్గు కేంద్రములతో వారికి గల ఒప్పందములలో రెండు పద్దులు ఉండును. ఒకటి స్థిరవ్యయము, రెండవది ఇంధనవ్యయము. కరెంటు తీసికొన్నను, తీసికొనకున్నను స్థిరవ్యయము చెల్లింపక తప్పదు. నైరుతి గాలులు వీచు జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలిమరలు విజృంభించి తిరుగును. ఆ దినములలో బొగ్గు కేంద్రములను అణచి ఉంచవలసివచ్చును. అణచి ఉంచినను వాని స్థిరవ్యయము అణగదు. ఒక గృహస్థు నెలజీతమునకు వంటమనిషిని కుదుర్చుకొని, పండుగ దినములలో బయటినుండి వేరొకరిని పిలిపించి వండించుకొన్నట్లు, ఇద్దరికిని ఇచ్చుకొనవలెను. ఈ భారము చివరకు దిగునది ఎక్కడ? బిల్లుమీద. ఆ బిల్లు కుట్టుపనివాని దుకాణమునకును వచ్చును, పిండిమరకును వచ్చును, రెండు దీపములు ఒక పంకా గల ఇంటికిని వచ్చును. వారిలో ఎవరును 2016లో ఏ కాగితము మీదను సంతకము చేయలేదు. సంతలో రెండున్నర రూపాయలకు దొరకుచున్న సరుకును దాదాపు అయిదు రూపాయలు పెట్టి ఇరువదియైదేండ్లు కొనుటకు బీదవానిని కట్టివేసినది ఎవరు? ఆ కట్టు విప్పుట పాపమా, పుణ్యమా?

ఇది బలమైన ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకు మన పూర్వులు ఋణమును గూర్చి చేసిన విచారము పనికివచ్చును. విజ్ఞానేశ్వరుడు చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణ నగరమున ఉండి యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అను వ్యాఖ్య వ్రాసెను. కల్యాణము పేరు ఈ పుటలు చదువువారికి క్రొత్తది కాదు; ఆ నగరమున శరణులు కూడుటకు కొన్ని దశాబ్దముల ముందటి మాట ఇది. తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్పవలెనని శాస్త్రము. కాని అన్ని అప్పులును కావు. త్రాగుడు కొరకు చేసినది, వ్యభిచారము కొరకు చేసినది, జూదమున ఓడినది, తీర్పక మిగిలిన జరిమానా, వృథాదానము, వీనిని కొడుకు తీర్పనక్కరలేదు. వృథాదానమనగా ధూర్తులకు, వందిమాగధులకు, మల్లులకు ఊరక ఇత్తునని పలికినది.

ఈ గీత చాల సూక్ష్మముగా గీసినది. కొడుకు తాను చేయని అప్పును కూడ మోయవలెను. కాని తండ్రి అవివేకము ఏదైనను సరే మోయవలెనని లేదు. కుటుంబము కొరకు చేసినదా, తన వ్యసనము కొరకు చేసినదా అని చూడవలెను. ప్రభుత్వములకు దీనిని అన్వయించినచో ఇట్లు తేలును. పాత ప్రభుత్వము లంచము తీసికొని, ఎవరికో లాభము చేకూర్చుటకు ఆ ధర ఒప్పుకొన్నదని ఋజువైనచో అది వృథాదానము. క్రొత్త ప్రభుత్వము దానిని మోయనక్కరలేదు. ఆనాడు కేంద్ర ప్రభుత్వము రాష్ట్రమునకు వ్రాసిన లేఖలలోని భావమును ఇదియే: అవినీతి ఋజువైనగాని ఒప్పందములను తిరుగదోడరాదని. తరువాతి సంతలో ధర తగ్గినదనుట మాత్రము ఋజువు కాజాలదు. తండ్రి ఇరువది వేలకు కొన్న ఎద్దు పై సంతలో పండ్రెండు వేలకు దొరికినంత మాత్రమున తండ్రి ఆడినది జూదమని అనరాదు. వేలము పాట పెట్టి ఉండవలసినదనియు, ధరలు దిగివచ్చుచున్న కాలమున అంత తొందరపడి వేల మెగావాట్లకు సంతకములు చేయరాదనియు చేసిన విమర్శకు బలము లేకపోలేదు. దానిని వివేకలోపమనవచ్చును. వివేకలోపము వేరు, వృథాదానము వేరు.

ఇచ్చట గాలిమర స్వభావమును కొంచెము విచారింపవలెను. ధర్మనిర్ణయమున వస్తుస్వభావము తెలియక చెప్పిన మాట నిలువదు. బొగ్గు కేంద్రమునకు ఖర్చు దినదినము తగులుచుండును. నేడు బొగ్గు కొన్నగాని నేడు కరెంటు పుట్టదు. గాలికి వెల లేదు. గాలిమరకు వెల కలదు. ఒక మెగావాటుకు ఆ కాలమున ఆరేడు కోట్ల రూపాయలు తగిలెడిది. అందులో పెద్ద భాగము బ్యాంకుల అప్పు. ఆ సొమ్మంతయు మొదటి యూనిట్టు పుట్టకముందే వ్యయమైపోవును. ఆ తరువాత ఖర్చనదగినది వడ్డీయే.

మెట్ట పొలముల నడుమ ఒక ఆసామి తన ప్రక్క రైతుతో, ‘నీవు బావి త్రవ్వుము, ఇరువదియైదు పంటల వరకు ఇంత చొప్పున నీరు కొందును’ అనెను. ప్రక్క రైతు అప్పు చేసి బావి త్రవ్వెను. మూడు పంటలు గడచినవి. ఇంతలో బోరుబండ్లు వచ్చి బావి త్రవ్వకము చౌక ఐనది. మరియొకడు సగము ధరకే నీరు పెట్టెదననెను. ఆసామి బావి గలవానితో, ‘నీవును సగమే తీసికొనుము’ అన్నచో బావివాడు ఏమి చేయగలడు? త్రవ్విన గోతిని మరల పూడ్చి తన సొమ్ము వెనుకకు తెచ్చుకొనగలడా? బొగ్గు అమ్మువాడైనచో రేపటినుండి బొగ్గు తీయుట మానుకొనును. బావి త్రవ్వినవానికి ఆ వీలు లేదు. అవతలివాడు తిరిగి పోలేనంత దూరము మన మాట నమ్మి నడచి వచ్చిన తరువాత ఆ మాటను వెనుకకు తీసికొనుట కేవలము అసత్యము కాదు. వానిని నడిదారిలో విడిచి తెరువు మూసివేయుట. పైగా 2019 వరకు పుట్టిన కరెంటు, ఆ పిదప సగము ధర చెల్లించిన రెండున్నర యేండ్లలో పుట్టిన కరెంటు, ఊరక పోలేదు. దానితో మోటార్లు నడచినవి, దీపములు వెలిగినవి. వాడుకొన్న సరుకునకు వెల ఎక్కువ అని వాడుకొన్న పిమ్మట అనుట ఏ సంతలోను చెల్లదు.

ఈ బావి ఆసామి కథలో మరియొక అంశము దాగి ఉన్నది. బావి త్రవ్వకము ఎందుచేత చౌక ఐనది? గాలి, ఎండ కరెంటుల ధర ఆకాశమునుండి ఊడిపడలేదు. 2000వ సంవత్సరమున జర్మనీ దేశము ఒక చట్టము చేసి, ఎండ కరెంటు పుట్టించువానికి ఇరువది యేండ్ల పాటు హెచ్చు ధర ఇచ్చెదమని మాట ఇచ్చెను. ఆ దేశప్రజలు తమ బిల్లులలో ఆ భారము మోసిరి. ఆ గిరాకి వలన పలకలు చేయు కార్మాగారములు పెరిగినవి. పెరిగిన కొలది ధర తగ్గినది. మన దేశమున 2010లో జాతీయ సౌర పథకము ఆరంభమైనపుడు మొదటి పాటలో ఎండ కరెంటు సగటున యూనిట్టు 12 రూపాయలకు పైగా పలికినది. ఆనాడు 12 రూపాయలు పెట్టి కొన్నవారు ఉన్నందుననే పదేండ్లకు, 2020 డిసెంబరులో, గుజరాతున 1 రూపాయి 99 పైసలకు దొరికినది. కావున ముందు కొన్నవాడు మోసపోయినవాడని నవ్వుట తగదు. చెట్టు నాటినవాడు నీడను అనుభవింపలేదని, నీడన కూర్చున్నవాడు వానిని వెర్రివాడనుట వంటిది అది. మాట తప్పినవారి కథయు కలదు. స్పెయిను దేశము 2007లో గొప్ప ధరలు ప్రకటించి, 2010 నుండి 2013 వరకు వానిని వెనుకటి తేదీలకు కూడ తగులునట్లు కోసివేసెను. ఆ దేశము పిదప చాల ఏండ్లు అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు దావాలకు సమాధానము చెప్పుకొనుచు గడపవలసివచ్చెను.

మాట నిలుకడ లేని చోట అప్పు ఇచ్చువాడు వడ్డీ పెంచును. గాలిమర ఖర్చులో పెద్ద భాగము వడ్డీయే అని ముందు చూచితిమి. కనుక మాట తప్పుట వలన నేడు యూనిట్టుపై మిగిలిన రెండు రూపాయలు రేపు క్రొత్త గాలిమర ధరలో మరల చేరును. బొగ్గు మాత్రము మాట లేకున్నను మండుచునే ఉండును. ముద్దనూరు వద్దను, ఇబ్రహీంపట్నము వద్దను ఉన్న థర్మల్ కేంద్రముల బూడిదకు, పొగకు ఏ బిల్లులోను పద్దు లేదు. ఆ పద్దు వ్రాయని లెక్కలో గాలి కరెంటు ఖరీదైనదిగా కనిపించుటలో ఆశ్చర్యము లేదు.

ఇంతవరకు వచ్చినచో మాట నిలుపుకొనవలసినదే అని తేలును. కాని మొదటి ప్రశ్న ఇంకను మిగిలియే ఉన్నది. ఎవరి సొమ్ముతో నిలుపుకొనవలెను?

బలిచక్రవర్తి మూడడుగుల నేల ఇత్తునని పలికెను. గురువైన శుక్రుడు వలదని చెప్పినను మానలేదు. లోకము ఆయనను నేటికిని కొనియాడుచున్నది. ఆయన ఇచ్చినది తన రాజ్యము, చివరకు తన శిరస్సు. హరిశ్చంద్రుని కథ అంత తేలికగా లేదు. రాఘవాంకుడు కన్నడమునను, గౌరన తెలుగు ద్విపదలోను పాడిన ఆ కథలో మాట ఇచ్చినవాడు రాజు. అంగడిలో నిలిచినది భార్య, బిడ్డ. చంద్రమతి తానుగా సమ్మతించినది గనుక కథ నిలిచినది. లోహితుని ఎవరు అడిగిరి? విద్యుత్తు ఒప్పందమున పిండిమరవాడు, కుట్టుపనివాడు లోహితుని స్థానమున ఉన్నారు. మాట నిలుపుకొనుట గొప్పయే. ఆ గొప్ప తాను పొంది, బరువు అడుగని వాని నెత్తిన పెట్టుట గొప్ప కాదు.

గాలిమరలను కోరినది రాష్ట్రము. బొగ్గు పొగ తగ్గుట వలన కలుగు మేలు రాష్ట్రమునకు, దేశమునకు, ఇంకను పుట్టని వారికి. అట్టి మేలు యొక్క వెలను కరెంటు వాడుకొన్న లెక్కన గాక, కలిమి ఉన్న లెక్కన వసూలు చేయుట న్యాయము. అనగా హెచ్చు ధరలోని అదనపు భాగమును ఖజానా మోయవలెను గాని చిన్న బిల్లు మోయరాదు. ఖజానా కూడ ప్రజలదే కదా అని అనవచ్చును. నిజమే, కాని ఖజానాకు ఏ పద్దు ముందు, ఏ పద్దు వెనుక అని శాసనసభలో చర్చ జరుగును. బిల్లులో చర్చ లేదు. గడువు తేదీ మాత్రమే ఉండును. 2019లో ఉత్పత్తిదారుల చెల్లింపును కోయుటకు బదులు, ఆ భారములో ఎంత ఖజానాకు, ఎంత పెద్ద వాడకందారులకు అని తేల్చి ఉండినచో, మూడేండ్ల వ్యాజ్యము, దానిపై పెరిగిన బాకీలు తప్పి ఉండెడివి. 2022 జూన్ నెలలో కేంద్రము పాత బాకీలను నెలవాయిదాలుగా, గరిష్ఠముగా 48 వాయిదాలలో, చెల్లించుటకు నిబంధనలు చేయవలసివచ్చినది.

మరియొక మాటయు ఉన్నది. అది ఈ వ్యాజ్యమున ఎచ్చటను వినిపింపలేదు. ఒప్పందము పవిత్రమని న్యాయవాదులు వాదించిరి, మంచిదే. కాని ఉన్నత న్యాయస్థానము మెట్లు ఎక్కగలవాని ఒప్పందమే పవిత్రమా? కర్నూలు సీమలోని గని, శకునాల గ్రామముల వద్ద 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో వెలసెను. సుమారు ఆరు వేల యెకరముల నేల దాని క్రిందికి పోయినది. ఇట్టి చోట్ల పట్టా గలవానికి కాగితము ఉండును. పట్టా లేక తాతనాటినుండి దున్నుకొన్నవానికి, బీటిలో గొర్రెలు మేపుకొన్నవానికి గ్రామసభలో ఎవరో నోటితో చెప్పిన మాట తప్ప వేరొక ఆధారము ఉండదు. అనంతపురము ఎల్లకు అవతల, కర్ణాటకమున తెలుగు మాటలాడువారు మెండుగా ఉన్న పావగడ వద్ద వేరొక పద్ధతి నడచినది. అచ్చట అయిదు గ్రామములలో సుమారు 13,000 యెకరములను కొనక, యెకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు ఇచ్చి తీసికొనిరి. రెండేండ్లకు ఒకసారి నూటికి అయిదు చొప్పున కౌలు పెరుగును. భూమి అమ్ముకొని దిక్కుతోచక తిరుగుటకంటె ఇది ఎన్నో రెట్లు మేలు. ఐనను కౌలు వచ్చునది నేల గలవానికి. ఆ నేలలో కలుపు తీసిన కూలివానికి, వేరుసెనగ పెరికిన స్త్రీకి కౌలు లేదు. పలకలు తుడుచు పని, కావలి పని కొందరికి దొరికినది, అంతే.

25 ఏండ్ల ధర తగ్గింపరాదని వాదించు సంస్థ, ఊరిలో పని ఇత్తుమని, త్రోవ వేయింతుమని తాను పలికిన మాటకు కూడ అంతే బరువు ఇచ్చుచున్నదా అని అడుగుటకు ఎవరికైనను హక్కు కలదు. మాట నిలుకడ అను ధర్మము బలవంతుల నడుమ మాత్రమే తిరుగునదైనచో అది ధర్మమనిపించుకొనదు, వర్తకమనిపించుకొనును. వర్తకము చెడ్డదని కాదు. దానికి ఇంకొక పేరు పెట్టరాదు.

దేశములును ఇట్టి మాటలే ఇచ్చుకొనుచున్నవి. 2015లో పారిసు నగరమున దాదాపు అన్ని దేశములును చేరి పొగ తగ్గింతుమని ఒప్పుకొనినవి. అమెరికా 2020లో దానినుండి తొలగెను, 2021లో మరల చేరెను, 2025 జనవరిలో మరల తొలగుటకు ఉత్తరువు ఇచ్చెను. ఏలిక మారిన ప్రతిసారి మాట మారెను. 2021లో గ్లాస్గో నగరమున మన దేశము 2070 నాటికి నికర ఉద్గారములను సున్నకు తెత్తుమని పలికెను. ఆ మాట పలికినవారిలో దానిని చెల్లించువరకు ఉండువారు కొలదిమందియే.

ఆంధ్రప్రదేశమున 2024లో ప్రభుత్వము మరల మారెను. ఆ యేటి అక్టోబరులో సమగ్ర స్వచ్ఛశక్తి విధానమొకటి వెలువడెను. ఎండ, గాలి, నీటిని మీదికి ఎత్తి నిలువచేయు పద్ధతి మొదలగునవి అన్నియు కలిపి 160 గిగావాట్లు సాధింతుమని అందులో వ్రాసిరి. 2016లో కుదిరిన ఒప్పందముల గడువు 2041 ప్రాంతమున తీరును. అప్పటికి శాసనసభకు ఇంకను మూడు ఎన్నికలైనను జరుగవలెను. క్రొత్త విధానము క్రింద కుదురు ఒప్పందములలో పాతికేండ్లవి 2050 దాటిన పిదప గాని ముగియవు.